విదేశీ ప్రయాణంలో మొబైల్ డేటా: తక్కువ ఖర్చుతో ఏర్పాటు చేసుకునే విధానం

పరాయి దేశంలో ఫోను రెండు వేర్వేరు పనులు చేయాల్సి ఉంటుంది. బ్యాంకు పంపే ఓటీపీ గానీ, ఇంటి నుంచి వచ్చే అత్యవసర కాల్ గానీ అందాలంటే పాత నంబరు పనిచేస్తూ ఉండాలి. దారి చూసుకోవడానికి, సందేశాలు పంపడానికి, టిక్కెట్టు తీసుకోవడానికి ఇంటర్నెట్ కావాలి. ఈ రెండింటినీ ఒకే సిమ్‌తో నెట్టుకురావాలని చూసినప్పుడే ఖర్చు తడిసి మోపెడవుతుంది. నంబరు బాధ్యతను పాత సిమ్‌కు వదిలేసి, డేటాను మాత్రం చవగ్గా దొరికే చోట విడిగా కొనుక్కోవడమే అసలు ఉపాయం. ఇందుకు కావలసిన ఏర్పాట్లలో చాలా భాగం ఇల్లు కదలకముందే పూర్తి చేసుకోవాలి.

రోమింగ్ ధరలు ఎలా ఏర్పడతాయో తెలిస్తే ఈ విభజన ఎందుకో అర్థమవుతుంది. మన సిమ్ వేరే దేశపు నెట్‌వర్క్‌కు కలిసినప్పుడు అక్కడి కంపెనీ మన కంపెనీ నుంచి టోకు ధర వసూలు చేస్తుంది. మన కంపెనీ దానిపై తన లాభం వేసుకుని మనకు వేరే ధర చెబుతుంది. ఆ టోకు ధర నిజానికి ఎంత తక్కువగా ఉండవచ్చో ఐరోపా సమాఖ్యను చూస్తే తెలుస్తుంది. అక్కడ సభ్యదేశాల మధ్య అదనపు రోమింగ్ రుసుమును 2017 జూన్ 15 నుంచి రద్దు చేశారు, ఆ నిబంధనను తర్వాత 2032 వరకు పొడిగించారు. కంపెనీలు ఒకదాని నుంచి మరొకటి తీసుకోదగిన గరిష్ఠ టోకు ధర 2022లో జీబీకి 2 యూరోలు కాగా, 2027 నాటికి 1 యూరోకు దిగేలా ఏటా తగ్గిస్తూ వస్తున్నారు. ఇలాంటి కట్టడి లేని దేశాల మధ్య ప్యాక్ వేసుకోకుండా డేటా వాడితే లెక్క ఎంబీల చొప్పున పడుతుంది. ఎంబీ ధర చూడటానికి చిన్నదిగానే ఉంటుంది, కానీ హెచ్‌డీ వీడియో గంటసేపు చూస్తే సుమారు 3 జీబీ, అంటే దాదాపు 3000 ఎంబీ ఖర్చవుతుంది. ఆ చిన్న ధరను 3000తో హెచ్చవేసి చూసుకున్నవారెవరూ ప్యాక్ లేకుండా రోమింగ్ డేటా ఆన్ చేయరు.

ఏ పథకం కొనాలో ఆలోచించే ముందు ఫోనును పరీక్షించుకోవాలి. కంపెనీ ఒప్పందం మీద కొన్న ఫోన్లు ఆ కంపెనీ సిమ్‌కే లాక్ అయి ఉండవచ్చు, అలాంటి వాటిలో వేరే సిమ్ పనిచేయదు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, అందులో జనరల్, అందులో అబౌట్ తెరిచి, కిందికి వెళ్తే కనిపించే క్యారియర్ లాక్ అన్న వరుసలో ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉంటే ఇబ్బంది లేదు. ఆండ్రాయిడ్ ఫోనులో వేరే కంపెనీ సిమ్ ఒకటి వేసి చూడటమే తేలికైన పరీక్ష. లాక్ తీయించడానికి రోజులు పట్టవచ్చు కాబట్టి దీన్ని ప్రయాణం ముందురోజుకు వాయిదా వేయకూడదు. ఆ తర్వాత *#06# డయల్ చేయాలి. తెర మీద ఫోను గుర్తింపు సంఖ్య అయిన 15 అంకెల ఐఎంఈఐతో పాటు 32 అంకెల ఈఐడీ కూడా కనిపిస్తే ఆ ఫోనులో ఈసిమ్ సౌకర్యం, అంటే ప్లాస్టిక్ కార్డు లేకుండా సిమ్‌ను డౌన్‌లోడ్ చేసుకునే వీలు, ఉన్నట్టే. మోడల్ పేరు ఒకటే అయినా, అమ్మిన దేశాన్ని బట్టి ఈ సౌకర్యం మారుతుందని గుర్తుంచుకోవాలి: చైనా ప్రధాన భూభాగంలో అమ్మిన ఐఫోన్లలో చాలావాటికి ఈసిమ్ లేదు, అమెరికాలో అమ్మే వాటికి 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి సిమ్ పెట్టే ట్రేయే లేదు. వేరే దేశం నుంచి తెప్పించుకున్న ఫోను వాడేవారు ఈ సంగతి తప్పక చూసుకోవాలి. పాత ఫోను తీసుకువెళ్లేవారికి ఇంకొక ముప్పు ఉంది. అమెరికాలో పెద్ద కంపెనీలు మూడూ 2022 ముగిసేలోగా తమ 3జీ సేవలు నిలిపివేశాయి, కాబట్టి 4జీ లేని ఫోను అక్కడ ఇంటర్నెట్‌కు దాదాపు పనికిరాదు.

ఎంత డేటా కావాలన్న ప్రశ్నకు చాలామంది భయంతో జవాబు చెప్పుకుంటారు, అందుకే అవసరానికి మించి కొంటారు. ఫోను సెట్టింగ్స్‌లో గత నెల మొబైల్ డేటా వాడకం యాప్‌ల వారీగా కనిపిస్తుంది. అందులో ఏవి ప్రయాణంలో నిజంగా కావాలో, ఏవి బస చేసిన చోట వైఫై దొరికేదాకా ఆగగలవో విడదీసి చూస్తే అసలు అవసరం తేలుతుంది. అక్షరాల సందేశాలకు అయ్యే డేటా లెక్కలోకి రానంత తక్కువ. మ్యాపు చూస్తూ నడిచినా గంటకు కొద్ది ఎంబీలే పోతాయి. యాప్ ద్వారా మాట్లాడే ఆడియో కాల్‌కు నిమిషానికి ఒక ఎంబీ లోపే సరిపోతుంది, వీడియో కాల్‌కు మాత్రం దానికి ఎన్నో రెట్లు కావాలి. డేటాను నిజంగా మింగేవి మూడే: సినిమాలు, వాటంతటవే ఆడే చిన్న వీడియోలు, తీసిన ప్రతి ఫోటోనూ అప్పటికప్పుడు క్లౌడ్‌కు పంపే బ్యాకప్. ఈ మూడింటినీ వైఫైకి పరిమితం చేసుకోగలిగితే వారం రోజుల విహారానికి 3 నుంచి 5 జీబీ మామూలుగా చాలుతుంది. ఆఫీసు పని మీద వెళ్లి, ల్యాప్‌టాప్‌ను ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి వాడేవారి లెక్క పూర్తిగా వేరు, వాళ్లకు ఒక్క సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చాలు ప్యాక్ మొత్తం ఖాళీ కావడానికి.

ఇక మార్గాల విషయానికి వద్దాం. సొంత కంపెనీ ఇచ్చే రోమింగ్ ప్యాక్ అన్నిటికంటే సులువైనది, జీబీ లెక్కన చూస్తే తరచుగా అన్నిటికంటే ఖరీదైనది. ఒకటి రెండు రోజుల ప్రయాణానికి, లేదా దారిలో కొన్ని గంటలు ఆగే దేశానికి దాన్ని తీసుకోవడంలో తప్పులేదు. తీసుకునే ముందు ‘రోజు’ అంటే ఏమిటో నిబంధనల్లో చదవాలి. కొన్ని ప్యాక్‌లలో రోజంటే మొదటి వాడకం నుంచి 24 గంటలు. మరికొన్నింటిలో క్యాలెండర్ తేదీ. తేదీ లెక్క అయితే రాత్రి 11 గంటలకు దిగి ఫోను ఆన్ చేసినవారికి గంటలోనే ఒక రోజు ఖర్చయిపోతుంది. ప్యాక్ అయిపోయాక డేటా ఆగిపోతుందా, లేక విడి ధరకు కొనసాగుతుందా అన్నది కూడా అక్కడే తెలుసుకోవాలి. ఐరోపా సమాఖ్యలో రోమింగ్ డేటా బిల్లు నెలకు పన్నులు కాక 50 యూరోలు చేరగానే కంపెనీ కనెక్షన్ ఆపాలన్న నియమం ఉంది, వినియోగదారు మరో పరిమితి ఎంచుకుంటే తప్ప. ఇతర ప్రాంతాలవారు తమ కంపెనీ యాప్‌లో ఖర్చు పరిమితి పెట్టుకునే వీలుందేమో చూసుకుని, ఉంటే బయలుదేరే ముందే పెట్టుకోవడం మంచిది.

రెండు మూడు వారాలకు మించి ఒకే దేశంలో ఉండేవారికి అక్కడి స్థానిక సిమ్‌ను మించినది సాధారణంగా ఉండదు. జీబీ ధర తక్కువ, వేగం ఎక్కువ, పైగా స్థానిక నంబరు కూడా చేతికి వస్తుంది. కొన్ని ట్యాక్సీ, డెలివరీ యాప్‌లకు అది తప్పనిసరి. చాలా దేశాల్లో పాస్‌పోర్టు చూపి నమోదు చేయించుకోనిదే సిమ్ ఇవ్వరు. విమానాశ్రయంలోని కౌంటర్లలో పర్యాటకుల కోసం కూర్చిన ప్యాక్‌లు ఉంటాయి, ఊళ్లోని దుకాణంలో అదే కంపెనీ ఇంతకంటే చవకైన ప్యాక్ ఇవ్వడం అరుదేమీ కాదు. అందువల్ల మొదటి రోజుకు వేరే ఏర్పాటు ఉంచుకుని, మర్నాడు ఊళ్లో కొనడం లాభం. దేశాన్ని బట్టి కొన్ని మెలికలుంటాయి. జపాన్‌లో పర్యాటకులకు అమ్మే సిమ్‌లు ఎక్కువగా డేటాకే పరిమితం, వాటితో మామూలు కాల్స్ చేయలేరు. టర్కీలో విదేశం నుంచి తెచ్చిన ఫోనులో స్థానిక సిమ్ వేస్తే, ఫోనును నమోదు చేయించని పక్షంలో 120 రోజుల తర్వాత అక్కడి నెట్‌వర్క్‌లు దాన్ని నిలిపివేస్తాయి. ఐరోపా సమాఖ్యలో ఒక దేశంలో తీసుకున్న సిమ్ మిగతా సభ్యదేశాల్లోనూ, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్‌లలోనూ మామూలు ధరకే పనిచేస్తుంది, కాకపోతే రోమింగ్‌లో వాడగల డేటాకు సముచిత వినియోగం పేరిట ఒక హద్దు ఉండవచ్చు. స్విట్జర్లాండ్, బ్రిటన్ ఆ నిబంధన పరిధిలో లేవు. ప్యారిస్ నుంచి రైలెక్కి జెనీవాలో దిగినవారు ఈ ఒక్క విషయం మరిచిపోతేనే బిల్లు మారిపోతుంది.

ఒకే యాత్రలో రెండు మూడు దేశాలు తిరిగేవారికి, వారం పది రోజుల్లో తిరిగి వచ్చేవారికి ట్రావెల్ ఈసిమ్ సరైన మార్గమని నా అభిప్రాయం. ఎయిరాలో, హోలాఫ్లై, సేలీ వంటి సంస్థలు వీటిని అమ్ముతాయి. వీటిలో చాలావాటికి సొంత టవర్లు ఉండవు. ఏదో ఒక దేశపు నెట్‌వర్క్ నుంచి టోకున కొన్న కనెక్షన్‌ను, ఆ నెట్‌వర్క్ రోమింగ్ ఒప్పందాల సాయంతో, మనకు అమ్ముతాయి. అంటే సాంకేతికంగా ట్రావెల్ ఈసిమ్ కూడా రోమింగ్‌లోనే ఉంటుంది. దీనివల్ల రెండు పరిణామాలు. ఒకటి, మన డేటా తరచుగా మూడో దేశం మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది, కాబట్టి పేజీ తెరుచుకోవడానికి కాస్త ఆలస్యమవుతుంది, వెబ్‌సైట్లు మనం ఆ మూడో దేశంలో ఉన్నామనుకుని వేరే భాషలో కనిపిస్తాయి, ఒక్కోసారి బ్యాంకు యాప్ అనుమానించి అదనపు ధృవీకరణ అడుగుతుంది. రెండో పరిణామం సెట్టింగ్స్‌కు సంబంధించినది, దాని గురించి కాసేపట్లో చెప్తాను.

కొనేటప్పుడు ధర కంటే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. వ్యాలిడిటీ ఎప్పటి నుంచి మొదలవుతుందన్నది అన్నిటికన్నా ముఖ్యం: కొన్ని సంస్థలు కొన్న క్షణం నుంచి, కొన్ని ఫోనులో వేసుకున్నప్పటి నుంచి, ఎక్కువగా మాత్రం ఆ దేశపు నెట్‌వర్క్‌కు మొదటిసారి కలిసినప్పటి నుంచి లెక్కిస్తాయి. ఏ నెట్‌వర్క్ మీద పనిచేస్తుందో, హాట్‌స్పాట్‌కు అనుమతి ఉందో లేదో, డేటా అయిపోతే అదే ఈసిమ్‌కు రీఛార్జ్ చేసుకోవచ్చో లేదో కూడా చూడాలి. అన్‌లిమిటెడ్ అన్న పదాన్ని నేను నమ్మను. అలాంటి ప్యాక్‌లలో చాలావాటిలో రోజుకు కొంత డేటా దాటగానే వేగం తగ్గించేస్తారు, ఆ తగ్గిన వేగంతో మ్యాపు కూడా మొరాయిస్తుంది. రీఛార్జ్ సౌకర్యమున్న చిన్న ప్యాక్ తీసుకుని, కావలసినప్పుడు మళ్లీ వేసుకోవడమే దాదాపు ఎప్పుడూ చవక. ప్రాంతీయ ప్యాక్ తీసుకునేవారు అందులోని దేశాల జాబితాను ఒక్కొక్క పేరూ చదవాలి, ఎందుకంటే ‘యూరప్’ అని రాసిన ప్రతి ప్యాక్‌లోనూ స్విట్జర్లాండ్ ఉంటుందని అనుకోవడానికి లేదు.

ఈసిమ్‌ను ఇంట్లో వైఫై ఉండగానే ఫోనులోకి ఎక్కించుకోవాలి, ఎందుకంటే దాన్ని డౌన్‌లోడ్ చేసుకోవడానికే ఇంటర్నెట్ కావాలి, దిగిన చోట విమానాశ్రయపు వైఫై లాగిన్ కోసం ఓటీపీ అడిగితే చిక్కులో పడతాం. సంస్థ క్యూఆర్ కోడ్ పంపుతుంది. అది అదే ఫోనుకు వస్తే కెమెరాతో స్కాన్ చేయడం కుదరదు కదా. అప్పుడు కోడ్‌ను ఇంకో తెర మీద తెరవాలి, లేదా ఐఓఎస్ 17.4, ఆపై వెర్షన్లలో ఆ బొమ్మ మీద వేలు నొక్కిపట్టి ఈసిమ్ చేర్చే ఎంపికను తాకాలి, ఇవేవీ కాకపోతే సంస్థ ఇచ్చిన ఎస్‌ఎం-డీపీ ప్లస్ చిరునామాను (ఈసిమ్ డౌన్‌లోడ్ అయ్యే సర్వరు పేరును), యాక్టివేషన్ కోడ్‌ను చేత్తో టైపు చేయాలి. ఎక్కించాక ఫోను ఆ లైనుకు పేరు అడుగుతుంది. ‘సెకండరీ’ అని వదిలేయకుండా వెళ్లబోయే దేశం పేరు పెట్టుకుంటే తర్వాత తికమక ఉండదు. ఒక్క హెచ్చరిక: పనిచేయడం లేదని తొందరపడి ఈసిమ్‌ను తొలగించకూడదు. చాలా సంస్థల కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, తొలగించిన దాన్ని తిరిగి వేసుకోవడానికి వీలుండదు.

విమానం దిగి ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసేముందే సిమ్ సెట్టింగ్స్ తెరిచి నాలుగు విషయాలు సరిచేసుకోవాలి. మొబైల్ డేటాకు కొత్త ఈసిమ్‌ను ఎంచుకోవాలి. పాత సిమ్ మీద డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉండాలి. కొత్త ఈసిమ్ మీద డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలి. ఇందాక వాయిదా వేసిన విషయం ఇదే. ట్రావెల్ ఈసిమ్ పనిచేసేదే రోమింగ్‌లో కాబట్టి ఆ లైనుకు రోమింగ్ ఆపేస్తే సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనిపిస్తూనే ఉంటాయి, ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. రోమింగ్ అంటేనే బిల్లు అన్న భయంతో రెండు లైన్లకూ దాన్ని ఆపేసి, ఈసిమ్ చెడిపోయిందని ఫిర్యాదు చేసేవారు ఎందరో. ఇక నాలుగోది, ఐఫోన్‌లో ‘అలౌ సెల్యులర్ డేటా స్విచింగ్’ అనే మీట ఆఫ్ చేయడం. ఆండ్రాయిడ్‌లోనూ కొన్ని ఫోన్లలో ఇలాంటి మీట ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే కొత్త లైను సిగ్నల్ బలహీనపడినప్పుడు ఫోను తనంతట తానే పాత సిమ్ డేటా వైపు మళ్లే అవకాశముంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా నెట్ రాకపోతే ఫోనును ఒకసారి ఆపి మళ్లీ పెట్టాలి. అప్పటికీ రాకపోతే నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్‌గా వదిలేయకుండా సంస్థ చెప్పిన కంపెనీని జాబితా నుంచి చేత్తో ఎంచుకోవాలి, ఆ తర్వాత మొబైల్ డేటా సెట్టింగ్స్‌లో ఏపీఎన్ (ఫోనును ఇంటర్నెట్‌కు కలిపే ద్వారం పేరు) గడిలో సంస్థ ఇచ్చిన పేరు ఉందో లేదో చూడాలి. సమస్య ఎక్కువగా ఈ రెండు చోట్లలోనే దొరుకుతుంది.

పాత సిమ్‌ను నంబరు కోసం ఉంచుకున్నప్పుడు దానివల్ల కూడా చిల్లర ఖర్చులు పుట్టుకొస్తాయి. రోమింగ్‌లో ఎస్ఎంఎస్ అందుకోవడం చాలా కంపెనీల్లో ఉచితం, కాల్ ఎత్తడం మాత్రం చాలాచోట్ల ఉచితం కాదు. వాయిస్ మెయిల్‌కు గానీ వేరే నంబరుకు గానీ ఫార్వర్డింగ్ పెట్టుకున్నవారికి ఇంకో చిక్కు ఉంది: ఎత్తని కాల్ మన దాకా విదేశానికి వచ్చి, అక్కడి నుంచి తిరిగి స్వదేశానికి మళ్లుతుంది, రెండు వైపులా రుసుము పడవచ్చు. బయలుదేరే ముందు ##002# డయల్ చేస్తే జీఎస్ఎం నెట్‌వర్క్‌లలో అన్ని ఫార్వర్డింగ్‌లూ రద్దవుతాయి. ఐఫోన్ వాడేవారికి ఐమెసేజ్ యాక్టివేషన్ కోసం ఫోను మనకు కనిపించకుండా ఒక అంతర్జాతీయ ఎస్ఎంఎస్ పంపుతుందన్నది కూడా తెలిసి ఉండాలి. వాట్సాప్‌కు ఏ మార్పూ అవసరం లేదు. డేటా ఏ సిమ్ నుంచి వచ్చినా ఖాతా పాత నంబరు మీదే నడుస్తుంది.

కొన్న డేటా చిల్లుకుండలో నీళ్లలా కారిపోకుండా చూసుకోవడం తర్వాతి పని. ఐఫోన్‌లో లో డేటా మోడ్, ఆండ్రాయిడ్‌లో డేటా సేవర్ ఆన్ చేస్తే వెనకాల జరిగే వాడకం చాలా వరకు తగ్గుతుంది. యాప్ అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్ వైఫైలోనే జరిగేలా పెట్టాలి. వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపి, కాల్స్‌కు తక్కువ డేటా వాడే మీట నొక్కాలి. పెద్ద గ్రూపుల్లో ఉన్నవారికి ఈ ఒక్క మార్పుతోనే సగం ప్యాక్ మిగులుతుందంటే అతిశయోక్తి కాదు. వెళ్లే నగరం మ్యాపును, అక్కడి భాష అనువాద ప్యాక్‌ను ముందే ఫోనులోకి దించుకోవాలి. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు, కాబట్టి ఆఫ్‌లైన్ మ్యాపు చేతిలో ఉంటే డేటా అయిపోయినా దారి తప్పే భయం లేదు. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్ సదుపాయం ఇవ్వని చోట ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్ఎమ్‌ఆండ్ వంటివి ఆదుకుంటాయి.

కొన్ని ప్రదేశాలకు ప్రత్యేక జాగ్రత్త కావాలి. సముద్రం మీద వెళ్లే ఓడల్లో, కొన్ని విమానాల్లో ఉపగ్రహం ద్వారా నడిచే మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది. మామూలు రోమింగ్ ప్యాక్‌లు దానికి వర్తించవు, ఐరోపా నిబంధన కూడా వర్తించదు. రేవు దాటగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, కావాలంటే వైఫై మాత్రం ఆన్ చేసుకోవడం తప్ప వేరే రక్షణ లేదు. సరిహద్దు పట్టణాల్లో పొరుగు దేశపు టవర్ బలంగా ఉంటే ఫోను దానికి తగులుకుంటుంది, అక్కడ నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకోవడమే మేలు. చైనా విషయంలో పరిస్థితి తలకిందులు: అక్కడి స్థానిక సిమ్‌తో గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు, విదేశీ సిమ్ రోమింగ్‌లో మాత్రం డేటా స్వదేశపు నెట్‌వర్క్ మీదుగా వెళ్తుంది కాబట్టి సాధారణంగా అవి పనిచేస్తాయి. ఇతర చోట్ల లోపంగా కనిపించే చుట్టుదారి ఇక్కడ వరమవుతుంది, అందుచేత చైనాకు వెళ్లే పర్యాటకులకు ధర కాస్త ఎక్కువైనా ట్రావెల్ ఈసిమ్ గానీ రోమింగ్ ప్యాక్ గానీ నయం. టర్కీలో 2025 జూలైలో అనేక ఈసిమ్ సంస్థల వెబ్‌సైట్లను, యాప్‌లను అధికారులు నిలిపివేశారు. అక్కడికి వెళ్లేవారు ఈసిమ్‌ను దేశంలో అడుగుపెట్టక ముందే కొని, ఫోనులో ఎక్కించుకుని ఉండాలి.

నలుగురైదుగురు కలిసి, విడిపోకుండా తిరిగే పక్షంలో అద్దెకు దొరికే పాకెట్ వైఫై పరికరం మనిషికొక ప్యాక్ కంటే చవక కావచ్చు. దాన్ని రోజూ ఛార్జ్ చేయాలి, పోగొట్టుకుంటే పరిహారం కట్టాలి, గుంపు రెండుగా చీలితే ఒక సగానికి నెట్ ఉండదు. ఉచిత వైఫై మీదే ఆధారపడే పద్ధతి నగరాల్లో గడుస్తుంది గానీ, దారి అడగాల్సింది నడివీధిలో కాబట్టి అది పూర్తి పరిష్కారం కాదు.

తిరిగి వచ్చిన రోజునే మొబైల్ డేటాను పాత సిమ్‌కు మార్చాలి, దాని డేటా రోమింగ్ ఆఫ్‌లోనే ఉంచాలి, రద్దు చేసిన ఫార్వర్డింగ్‌లు అవసరమైతే మళ్లీ పెట్టుకోవాలి. నెలవారీగా తనంతట తానే రెన్యూ అయ్యే ఈసిమ్ గానీ, స్థానిక ప్యాక్ గానీ తీసుకుని ఉంటే దాని ఆటో రెన్యూవల్‌ను ఆపాలి. వాడేసిన ఈసిమ్‌ను వెంటనే తొలగించాల్సిన పని లేదు. కొన్ని సంస్థలు అదే ఈసిమ్‌కు మరో దేశపు ప్యాక్ కూడా వేస్తాయి, ఫోనులో అది వాడకంలో లేకుండా ఆఫ్ చేసి ఉంచితే సరిపోతుంది.